బడికి డబ్బు ఎలా వస్తుంది: టెక్సాస్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో బడ్జెట్ వేసిన నా అనుభవం

డల్లాస్ ఉత్తర శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ఆస్తి పన్ను దగ్గరికి వస్తుంది. "ఏటేటా ఇంటి విలువ పెంచుతున్నారు, వేల డాలర్ల పన్ను కడుతున్నాం, అయినా బడిలో లైబ్రేరియన్‌ను తీసేస్తామంటున్నారు. ఆ డబ్బంతా ఎటు పోతోంది?" నేను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఆర్థిక విభాగంలో పనిచేస్తానని తెలిసినవాళ్లు ఈ ప్రశ్న నన్నే అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. రెండు మాటల్లో తేలే జవాబు లేదు కనుక, 2024-25 బడ్జెట్‌ను మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి తయారుచేసినప్పుడు నేను చూసింది, నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

స్కూల్ డిస్ట్రిక్ట్ అనగానే మన జిల్లా విద్యాశాఖ గుర్తుకొస్తుంది. రెండూ ఒకటి కావు. మా నాన్నగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా చేశారు. జీతాల బిల్లు మీద సంతకం పెట్టి ట్రెజరీకి పంపడం, సమగ్ర శిక్షా కింద విద్యార్థుల సంఖ్యను బట్టి వచ్చే స్కూల్ గ్రాంటుకు లెక్క చూపడం, దాదాపు అంతే ఆయన ఆర్థిక వ్యవహారం. డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న బాధ ఆయనకు లేదు. టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే తనంతట తాను ఒక చిన్న ప్రభుత్వం. పన్ను వేస్తుంది, బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, భవనాలు కడుతుంది, బస్సులు నడుపుతుంది, రోజూ వేలమందికి భోజనం పెడుతుంది. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. వాటి సరిహద్దులు ఊళ్ల సరిహద్దులతో కలవాలని లేదు. ఒకే ఊరిలో వీధికి ఇటువైపు పిల్లలు ఒక డిస్ట్రిక్ట్‌కు, అటువైపు పిల్లలు మరో డిస్ట్రిక్ట్‌కు వెళ్లడం మామూలే. ఎక్కువ చోట్ల ఏడుగురు సభ్యుల బోర్డును ఓటర్లు ఎన్నుకుంటారు. ఆ సభ్యులకు జీతం ఉండదు.

నేను బి.కాం. చదివి, కొన్నేళ్లు ప్రైవేటు కంపెనీల్లో లెక్కలు చూసి, తరువాత డిస్ట్రిక్ట్‌లో బిల్లుల చెల్లింపు విభాగంలో చేరాను. అక్కడినుంచి బడ్జెట్ విభాగానికి మారాను. 2023 శరదృతువులో బడ్జెట్ చూసే ఆవిడ పదవీ విరమణ చేయడంతో ఆ పని నా చేతికొచ్చింది. పై అధికారిణి, మా ముఖ్య ఆర్థికాధికారి, జీవితమంతా ప్రభుత్వ బడుల లెక్కల్లోనే గడిపిన మనిషి. ఆమె నాకు మొదట అప్పగించినది పద్దు సంకేతాల పుస్తకం. టెక్సాస్‌లో ఏ డిస్ట్రిక్ట్ అయినా ప్రతి డాలరును రాష్ట్ర విద్యా సంస్థ నిర్ణయించిన అంకెల వరుసలోనే రాయాలి. ఒక ప్రాథమిక పాఠశాల టీచరు తరగతికి జిగురు, రంగు కాగితాలు కావాలని అడిగితే అది 199-11-6399 అవుతుంది. 199 అంటే సాధారణ నిధి. 11 అంటే బోధన. 6399 అంటే సామగ్రి. ఆ వెనక బడి సంఖ్య, సంవత్సరం, పథకం అంకెలు వస్తాయి. అదే కాగితాలు లైబ్రరీకి కొంటే 11 స్థానంలో 12, నర్సు గదికి కొంటే 33. బస్సులు 34, భోజనం 35, భవనాల నిర్వహణ 51, భద్రత 52. టీచర్ల జీతం 6119, వాళ్లు సెలవు పెట్టినప్పుడు వచ్చే ప్రత్యామ్నాయ టీచరు కూలి 6112, కరెంటు, నీళ్ల బిల్లులు 6259. కొన్ని నెలల్లో ఇవి నాకు కంఠతా వచ్చేశాయి. ఒక బడి ఖర్చుల పట్టిక చూస్తే ఆ బడి దేనికి విలువ ఇస్తోందో ఆ అంకెల్లోనే తెలిసిపోయేది. ప్రైవేటు కంపెనీ లెక్కల్లో నేనెన్నడూ అలాంటిది చూడలేదు.

ముందున్న మూడంకెలే అన్నిటికంటే ముఖ్యం. అవి ఏ నిధో చెబుతాయి, ఒక నిధి డబ్బు ఇంకో నిధికి పోవడానికి వీల్లేదు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు కేంద్రం ఇచ్చే టైటిల్ వన్ డబ్బు 211లో ఉంటుంది. ఆ పిల్లల చదువుకు అదనపు సాయంగానే అది ఖర్చు కావాలి. భోజనం నిధి వేరు. అందులో మూడు నెలల ఖర్చుకు మించి నిల్వ ఉంచకూడదని కేంద్రం నియమం. మిగిలితే వంటగది పరికరాలు మార్చుకోవచ్చు, భోజనం మెరుగుపరచుకోవచ్చు, టీచరుకు జీతం ఇవ్వడం మాత్రం కుదరదు. బాండ్ల డబ్బు మరీ వేరు. "కోట్లు పోసి ఫుట్‌బాల్ స్టేడియం కట్టి, టీచర్లను తీసేస్తారా?" అని చాలామంది కోపంగా అడుగుతారు. స్టేడియం కట్టాలా వద్దా అన్నది నిజంగానే వాదించదగిన విషయం. అందుకే 2019లో చట్టం మార్చి, వెయ్యి మందికి మించి కూర్చునే స్టేడియానికి బ్యాలెట్‌లో వేరే ప్రతిపాదన పెట్టాలన్నారు. ప్రతి బాండ్ల బ్యాలెట్ మీద ఇది ఆస్తి పన్ను పెంపు అని అచ్చువేయాలని కూడా చెప్పారు. అయితే ఓటర్లు ఆ బాండ్లను తిరస్కరించినంత మాత్రాన ఆ డబ్బు జీతాలకు రాదు. మన పన్ను బిల్లులో స్కూలు రేటు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి నిర్వహణకు, రెండోది అప్పు తీర్చడానికి. రెండో ముక్కలోని ఒక్క సెంటు కూడా మొదటి ముక్కలోకి రాదు.

ఇక అసలు పని. బడ్జెట్ అక్టోబరులో మొదలవుతుంది. ఆ నెల చివరి శుక్రవారం టెక్సాస్ బడులన్నీ తమ పిల్లల వివరాలను రాష్ట్రానికి లెక్కగట్టి చూపే రోజు. ఎవరు ఏ తరగతిలో ఉన్నారు, ఎవరికి ప్రత్యేక విద్య అవసరం, ఎవరు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, ఎవరు తక్కువ ఆదాయ కుటుంబం నుంచి వస్తున్నారు, అన్నీ. దాని మీద ఆధారపడి వచ్చే ఏడాది ఎంతమంది పిల్లలు వస్తారో అంచనా వేయాలి. బడ్జెట్ అంటే ఖర్చుల పట్టిక అనుకుని వచ్చిన నాకు, అందులో అన్నిటికంటే బరువైన అంకె పిల్లల సంఖ్యేనని అక్కడ అర్థమైంది. కొత్త ఇళ్లు కడుతున్న వైపు పిల్లలు పెరుగుతున్నారు. ఇరవై ఏళ్ల కిందట కట్టిన కాలనీల్లో పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయారు, తల్లిదండ్రులు ఇల్లు అమ్మలేదు. ఐదో తరగతి దాటి వెళ్లే పిల్లలు ఎంతమందో, అంతమంది కిండర్‌గార్టెన్‌లో చేరడం లేదు. ఒక పాత ప్రాథమిక పాఠశాల పట్టికలో పై తరగతులు నిండుగా, కింది తరగతులు పలచగా కనిపిస్తుంటే, ఆ బడి మూతపడే రోజు ఎంత దూరంలో ఉందో లెక్క వేయగలిగేదాన్ని. ఆ లెక్క వేయడం నాకు ఏనాడూ తేలిక కాలేదు. అక్కడి పిల్లల్లో కొందరి పేర్లు నాకు తెలుసు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. టెక్సాస్‌లో డబ్బు వచ్చేది బడిలో పేరున్న పిల్లలను బట్టి కాదు, సగటు హాజరును బట్టి. రోజులో ఒక నిర్ణీత సమయానికి, మా దగ్గర ఉదయం పది గంటలకు, తరగతిలో ఉన్న పిల్లలే లెక్కకు వస్తారు. 15,000 మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో హాజరు 95 శాతమైతే డబ్బు 14,250 మందికే. హాజరు ఒక్క శాతం తగ్గితే 150 మంది తగ్గినట్టు. 2019లో చట్టసభ నిర్ణయించిన కనీస మొత్తం ఒక్కో విద్యార్థికి 6,160 డాలర్లు. 150 మందికి 9,24,000 డాలర్లు. భత్యాలతో కలిపి టీచరుకు ఏడాదికి 75,000 అనుకుంటే పన్నెండు మంది టీచర్ల జీతం. పిల్ల జ్వరంతో ఇంట్లో ఉన్న రోజున టీచరు జీతం తగ్గదు, బస్సు తిరగడం మానదు, ఏసీ ఆగదు. ఈ పద్ధతి అన్యాయమని నా అభిప్రాయం. పేద కుటుంబాల పిల్లలు, తరచూ జబ్బుపడే పిల్లలు ఎక్కువగా ఉన్న బడులే దీనివల్ల ఎక్కువ నష్టపోతాయి. చేర్చుకున్న పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వాలని డిస్ట్రిక్ట్‌లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి.

హాజరు పట్టికలు నెలవారీగా తిరగేస్తుంటే మన పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో రెండు పల్లాలు స్పష్టంగా కనిపించాయి. ఒకటి దీపావళి. రెండోది క్రిస్మస్ సెలవులకు అటూ ఇటూ, ఇండియా ప్రయాణాల కాలం. ప్రయాణాల సంగతి కుటుంబాల ఇష్టం, విమానం ధరలను బట్టి జనవరి రెండో వారం దాకా ఉండిపోతారు, అర్థం చేసుకోగలను. దీపావళి విషయంలో మాత్రం చాలామందికి తెలియని మాట ఒకటుంది. టెక్సాస్ విద్యా చట్టం ప్రకారం మతపరమైన పండుగ కోసం పిల్లవాడు బడికి రాకపోతే, తల్లిదండ్రులు ముందుగా చెబితే, ఆ రోజు హాజరైనట్టే లెక్క. డిస్ట్రిక్ట్‌కు డబ్బూ పోదు, పిల్లవాడికి గైర్హాజరూ పడదు. డాక్టరు దగ్గరికి వెళ్లి అదే రోజు తిరిగి బడికి వచ్చినా అంతే. పౌరసత్వం దరఖాస్తు పని మీద ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లినా, ప్రమాణ స్వీకారానికి వెళ్లినా అంతే. మనవాళ్లు మాత్రం "ఒంట్లో బాగోలేదు" అని ఈమెయిలు పంపి పండుగ చేసుకుంటారు. పండుగ అని చెప్పడానికి సంకోచించవలసిన పనే లేదు. నేను ఆ ఏడాది మా కాలనీలోని ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ సంగతి చెప్పాను.

ఇలాంటిదే ఇంట్లో మాట్లాడే భాష గురించిన కాగితం. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లను వెనకబెడతారేమో అన్న భయంతో ఇంగ్లీషు అని రాసేవాళ్లను చాలామందిని చూశాను. తెలుగు అని రాస్తే జరిగేది ఒక్కటే, పిల్లకు ఇంగ్లీషు ఎంత వచ్చో పరీక్షిస్తారు. బాగా వస్తే అక్కడితో సరి. సాయం అవసరమని తేలితే ఆ పిల్ల లెక్కకు పదో వంతు అదనపు డబ్బు వస్తుంది, శిక్షణ పొందిన టీచరు వస్తారు. నిజం రాయడం వల్ల పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆస్తి పన్ను ప్రశ్నకు వస్తాను. రాష్ట్రం ముందుగా ఒక డిస్ట్రిక్ట్‌కు ఎంత రావాలో హాజరును బట్టి, పిల్లల అవసరాలను బట్టి లెక్కగడుతుంది. దాన్ని ఒక కుండ అనుకోండి. 12 కోట్ల డాలర్ల కుండ. ముందుగా స్థానిక పన్ను అందులో పడుతుంది. అది 8 కోట్లయితే రాష్ట్రం 4 కోట్లు పోస్తుంది. మన ఇళ్ల విలువలు పెరిగి స్థానిక పన్ను 9 కోట్లయితే రాష్ట్రం 3 కోట్లే పోస్తుంది. కుండ పెద్దది కాలేదు. పన్ను 13 కోట్లయితే పైన ఒలికిన కోటి రాష్ట్రానికి పోతుంది. ధనిక డిస్ట్రిక్ట్ దగ్గర తీసి పేదవాటికి ఇవ్వడమన్న ఉద్దేశంతో దాన్నే ఇక్కడ రాబిన్ హుడ్ అంటారు. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని డిస్ట్రిక్ట్ అలా అందరికంటే ఎక్కువ చెల్లిస్తుంది. అంటే ఇంటి విలువ పెరిగి మీరు ఎక్కువ కడితే మీ బడికి అందే మొత్తం పెరగదు, రాష్ట్రం ఖర్చు తగ్గుతుంది. దీనికి తోడు విలువలు వేగంగా పెరిగితే రేటు తగ్గించాలని 2019 చట్టం నియమం పెట్టింది. సొంత ఇంట్లో ఉండేవారికి మినహాయింపును 2023 నవంబరులో ఓటర్లు లక్ష డాలర్లకు పెంచారు. ఆ మేరకు తగ్గిన స్థానిక పన్నును రాష్ట్రం భర్తీ చేస్తుంది, కనుక దానివల్ల బడికి నష్టం లేదు, లాభమూ లేదు.

కుండ పెద్దది కావాలంటే ముఖ్యంగా రెండు దారులు. హాజరు పెరగాలి, లేదా ఆ 6,160ని చట్టసభ పెంచాలి. మేం ఆ బడ్జెట్ వేసేనాటికి 2019 నుంచి అది కదలలేదు. 2024 నాటికి దేశంలో ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి. 2023 జనవరిలో రాష్ట్ర ఖజానాలో దాదాపు 33 బిలియన్ డాలర్ల మిగులు ఉంది. ప్రైవేటు బడులకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా వద్దా అన్న వోచర్ల తగాదాలో ఆ ఏడాది సమావేశాలు, ప్రత్యేక సమావేశాలు అన్నీ ముగిశాయి. కనీస మొత్తం మాత్రం అలాగే ఉండిపోయింది. అదే నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. డబ్బు లేక ఇవ్వకపోవడం వేరు.

ఇలా ఎందుకుందని వెనక్కి చూస్తే కోర్టుల దాకా వెళ్లాలి. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ పేద డిస్ట్రిక్ట్. అక్కడి తల్లిదండ్రులు పక్కనున్న ధనిక డిస్ట్రిక్ట్ పిల్లలకు అందే డబ్బు తమ పిల్లలకు ఎందుకు అందదని దావా వేశారు. 1973లో అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురికి నలుగురు తేడాతో వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. వాళ్లు ఆగలేదు. 1989లో టెక్సాస్ సుప్రీం కోర్టు రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆ వ్యత్యాసం చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. రాబిన్ హుడ్ చట్టం 1993లో వచ్చింది అందుకే. పన్ను ఎక్కువ కడుతున్నామని విసుక్కునేవాళ్లకు నేను ఎడ్జ్‌వుడ్ కథ తప్పకుండా చెబుతాను. ఆ సూత్రం వెనకున్న న్యాయం నాకు నచ్చుతుంది. కుండను ఏళ్ల తరబడి అలాగే ఉంచేయడమే నాకు నచ్చనిది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో బడి ప్రిన్సిపాల్‌తో కూర్చున్నాం. మా ఖర్చులో ప్రతి 100 డాలర్లలో 85 దాకా జీతభత్యాలే. అంటే కాగితాలు, ప్రయాణాలు ఎంత తగ్గించినా లోటు పూడదు, ఉద్యోగాలను తాకక తప్పదు. కోవిడ్ సమయంలో కేంద్రం మూడు విడతలుగా బడులకు ఇచ్చిన సాయం 2024 సెప్టెంబరు 30తో ముగియబోతున్న రోజులవి. ఆ డబ్బుతో పెట్టుకున్న కౌన్సెలర్లు, చదవడంలో వెనకబడినవారికి పాఠాలు చెప్పేవాళ్లు ఇక సాధారణ నిధిలోకి రావాలి, లేదా వెళ్లిపోవాలి. యువాల్డీ పట్టణంలోని బడిలో జరిగిన కాల్పుల ఘోరం తరువాత 2023లో వచ్చిన చట్టం ప్రతి బడిలో ఆయుధమున్న అధికారి ఉండాలంది. అందుకు రాష్ట్రం ఇచ్చింది బడికి 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు. ఒక అధికారి జీతంలో అది చిన్న భాగమే. మిగిలినది ఎక్కడినుంచి వస్తుంది? తరగతి గది నుంచే.

ప్రత్యేక విద్య ఖర్చును నిరుటికంటే తగ్గించకూడదని కేంద్ర చట్టం. తగ్గించాలని నేను కోరుకోను కూడా. 1975లో ఆ చట్టం చేసినప్పుడు అదనపు ఖర్చు కోసం, దేశంలో ఒక్కో విద్యార్థి మీద పెట్టే సగటు ఖర్చులో 40 శాతం దాకా తాము ఇస్తామని కేంద్రం చెప్పింది, ఇంతవరకు ఆ దరిదాపులకు రాలేదు. ఆ తేడా అంతా డిస్ట్రిక్ట్ మీదే పడుతుంది. బస్సుల విషయంలో మామూలుగా బడికి రెండు మైళ్లు, ఆపైన ఉన్న పిల్లలకే రాష్ట్రం డబ్బు ఇస్తుంది. అంతకు లోపల ఉన్నవాళ్లకు నడిపే బస్సులను ఆపేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆరు వరుసల రోడ్డు దాటవలసిన పిల్లలున్న చోట వద్దని ఒక ప్రిన్సిపాల్ పటం తెచ్చి బల్ల మీద పరిచారు. ఆ దారి ఉంచేశాం.

ఒక సమావేశం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా గదికి 22 మంది కంటే ఎక్కువ ఉండకూడదన్నది టెక్సాస్ నియమం. దాటాలంటే రాష్ట్రం నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. ఒక బడిలో రెండో తరగతి పిల్లలు 67 మంది వస్తారని నా అంచనా. మూడు గదులకు 66. ఒక్క పిల్ల కోసం నాలుగో టీచరు. మినహాయింపు అడిగితే 75,000 డాలర్లు మిగులుతాయి. ప్రిన్సిపాల్ మాట్లాడకుండా తన దగ్గరున్న పిల్లల జాబితా తీసి, చదవడానికి ఇబ్బంది పడుతున్నవాళ్ల పేర్ల పక్కన పసుపు గీతలు గీసి చూపించారు. సగానికి దగ్గరగా ఉన్నాయి. మా అధికారిణి నాలుగో టీచరును ఉంచమన్నారు. ఆ డబ్బు డిస్ట్రిక్ట్ ప్రధాన కార్యాలయంలో ఖాళీగా ఉన్న ఒక ఉద్యోగాన్ని రద్దు చేసి సర్దాం. మొత్తం మీద ముందు ప్రధాన కార్యాలయం, తరువాత ఖాళీ ఉద్యోగాలు, ఆఖరున తరగతి గది అనే వరుసలో కోతలు వేశాం. అయినా లైబ్రరీ సహాయకులను నిలబెట్టుకోలేకపోయాం. ఆ ఉత్తరాలు వెళ్లిన రోజు ఆఫీసులో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

"బ్యాంకులో అంత నిల్వ ఉంది కదా, అది తీయండి" అని కూడా అంటారు. నిల్వ ఉన్న మాట నిజమే. మా ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. పన్ను బిల్లులు అక్టోబరులో వెళ్తాయి, గడువు జనవరి 31. జనం ఎక్కువగా డిసెంబరు, జనవరిలో కడతారు. అప్పటిదాకా ప్రతి నెలా కోటికి దగ్గరగా జీతాలు ఇవ్వాలి. ఆ నిల్వే మమ్మల్ని చలికాలం దాకా నడిపిస్తుంది. అది మరీ తగ్గితే రాష్ట్రం ఏటా ఇచ్చే ఆర్థిక రేటింగు దెబ్బతింటుంది, బాండ్ల మీద వడ్డీ పెరుగుతుంది. 1854లో 20 లక్షల డాలర్లతో మొదలైన టెక్సాస్ శాశ్వత పాఠశాల నిధి ఈ రోజు డిస్ట్రిక్ట్‌ల బాండ్లకు హామీగా నిలబడుతోంది, దానివల్లే తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. అటువంటి పరపతిని పోగొట్టుకోకూడదు. ఆ ఏడాది నిల్వ నుంచి కొంత తీసి లోటు బడ్జెట్‌నే బోర్డు ముందు పెట్టాం.

జూన్‌లో బహిరంగ విచారణ. దానికి 10 నుంచి 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి. ఆ ప్రకటన పావు పేజీకి తగ్గకూడదు, శీర్షిక అక్షరాలు 18 పాయింట్ల కంటే చిన్నవి కాకూడదని కూడా చట్టంలో ఉంది. పత్రిక పంపిన నమూనా మీద స్కేలు పెట్టి కొలిచాను. నిరుటి రేటు, ప్రతిపాదిత రేటు, సగటు ఇంటి మీద పన్ను, నిల్వలు, అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. ప్రజల డబ్బు లెక్క ప్రజలకు కనబడేంత పెద్దగా ఉండాలని చట్టం ఇంత పట్టుదలగా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

హాలులో ఉన్నవాళ్లు ముప్పై మంది కూడా ఉండరు. మూడు నిమిషాల చొప్పున మాట్లాడనిస్తారు. ఒక తెలుగు పెద్దాయన లేచి, ఇంగ్లీషులో, పన్ను బిల్లుల కాగితాలు చూపిస్తూ అడిగారు. బోర్డు విచారణలో ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పరు. ముగిశాక నేను ఆయన దగ్గరికి వెళ్లాను.

"నమస్కారం బాబాయిగారూ, ఆ బడ్జెట్ నేనే వేశాను. పది నిమిషాలు కూర్చుంటారా?"

"మన అమ్మాయివా! కూర్చుంటానమ్మా. నాకు అర్థమయ్యేట్టు చెప్పు, చాలు. నేను విద్యుత్ బోర్డులో లెక్కలు చూసినవాణ్ణే."

ఆయన బిల్లు వెనకే పెన్సిలుతో కుండ లెక్క వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "అంటే నేను అడగవలసింది వీళ్లను కాదన్నమాట. ఆస్టిన్‌లో కూర్చున్నవాళ్లను" అన్నారు. సగం అక్కడ, సగం ఇక్కడ అన్నాను. వచ్చే డబ్బు ఎంతన్నది ఆస్టిన్‌లో తేలుతుంది. ఉన్నదాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్నది ఈ ఏడుగురు తేలుస్తారు. బోధన పద్దు ఎంత, పరిపాలన పద్దు ఎంత, రెండేళ్లలో ఏది ఎంత పెరిగింది అని అడిగితే వాళ్లు జవాబు చెప్పవలసిందే. బోర్డు బడ్జెట్‌ను ఆమోదించేది సరిగ్గా ఆ పద్దుల వారీగానే. ఏ పద్దయినా దాటేముందు మళ్లీ బహిరంగంగా ఓటు వేసి సవరించాలి. ఆయన తరువాతి సమావేశానికి ఆ ప్రశ్నలతోనే వచ్చారు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని.

బడ్జెట్ జూన్ చివరలో ఆమోదం పొందింది. ఇళ్ల విలువలు ఖరారై అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చేది జులై 25కు. ఆ అంకెలతో మళ్లీ లెక్క కట్టి, ఆగస్టులో పన్ను రేటు ఖరారు చేశారు. అంచనాకు, ఖరారుకు మధ్య తేడా స్వల్పమే వచ్చింది. ఇంటి విలువలు నిర్ణయించేది స్కూల్ డిస్ట్రిక్ట్ కాదని, అది వేరే సంస్థ అని కూడా చాలామందికి తెలియదు. విలువ మీద అభ్యంతరం ఉంటే వసంతంలో నోటీసు వచ్చినప్పుడు అక్కడే చెప్పుకోవాలి.

2025 మే నెలలో చట్టసభ చివరికి 6,160ని 55 డాలర్లు పెంచింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కలిసే అదనపు మొత్తాలు పక్కన పెడితే 14,250 మంది హాజరుకు అది ఎనిమిది లక్షల డాలర్ల లోపు. మా జీతాలు ఒక్క శాతం పెంచాలంటేనే అంతకంటే ఎక్కువ కావాలి. అయితే టీచర్ల జీతాలకు వేరుగా డబ్బు ఇచ్చారు. మాలాంటి 5,000 మందికి పైబడిన డిస్ట్రిక్ట్‌లలో మూడు, నాలుగేళ్ల అనుభవమున్న టీచరుకు 2,500, అయిదేళ్లు, ఆపైన అనుభవమున్నవారికి 5,000 డాలర్లు. చిన్న డిస్ట్రిక్ట్‌లలో ఇంకా ఎక్కువ. టీచర్లకు ఆ పెంపు ఎప్పుడో రావలసింది, వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ డబ్బు మాత్రం తరగతి టీచర్లకే. కౌన్సెలరుకు, లైబ్రేరియన్‌కు, నర్సుకు ఆ లెక్కలో చోటు లేదు. వాళ్లకు, మిగతా సిబ్బందికి రాష్ట్రం విడిగా ఇచ్చింది కొంచెమే, అంతకు మించి పెంచాలంటే మళ్లీ 199 లోంచే తీయాలి. ఆ జులై అంతా ఆ పనిమీదే ఉన్నాం, వాళ్లకు రెండు శాతం సర్దగలిగాం.